కయ్యమూ – వియ్యమూ

కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావలెనని మన సామెత. ఆ సామెతలోని నీతి అందరికీ తెలిసినదే. కాని అందులో మరియొక విశేషమున్నది. కయ్యమూ వియ్యమూ అనే రెండు మాటలను మన పూర్వులు ఒకే పీటమీద కూర్చోబెట్టినారు. పోట్లాట పెట్టుకొనేటప్పుడు ఎటువంటి ఎదుటివాణ్ణి చూచుకోవలెనో, పిల్లనిచ్చేటప్పుడుకూడా అటువంటివాణ్ణే చూచుకోవలెనని వారి తాత్పర్యము. అనగా పెండ్లితో రెండు కుటుంబాలకు చుట్టరికమెంత కలుస్తుందో తగవుకూడా అంత కలుస్తుందని వారు ముందే గ్రహించినారన్నమాట. ఈ తగవునుండి తెలుగుజాతి ఎంత హాస్యాన్ని పండించుకొన్నదో, ఆ హాస్యం పాటలోనుండి నాటకానికి, నాటకంలోనుండి వెండితెరకు, కథకు ఎట్లా నడిచివచ్చినదో ఈ ప్రసంగంలో కొంత విచారింపదలచినాము.

ఈ విచారణకు చిలకలూరిపేటను మధ్యస్థానంగా పెట్టుకోవటం మాకు సౌకర్యముగా తోచినది. గుంటూరునుండి ఒంగోలు పోయే రహదారిమీద, ప్రత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి నేలల నడుమ ఉన్న వ్యాపారపు పట్టణమది. చిరకాలం గుంటూరు జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. పేటలో నిలిచి నలుదిక్కులా చూస్తే ఈ కథలో పాత్రధారులనేకులు దగ్గరివారుగానే కనిపిస్తారు. పడమట అల్లుణ్ణి బలిగొన్న పల్నాటి వీరగాథ. తూర్పున, సంసారపు చిరుతగవులను 'కాంతం' కథలుగా మలచిన మునిమాణిక్యం నరసింహారావుగారి సంగం జాగర్లమూడి; ఆ చెంతనే 'గుండమ్మ కథ' నిర్మాతలలో ఒకరైన చక్రపాణిగారి తెనాలి. ఉత్తరాన, ఆ చిత్రానికి మాటలు వ్రాసిన డి. వి. నరసరాజుగారి సత్తెనపల్లి సీమ. దక్షిణాన, ఒంగోలు చేరువలో, 'అత్తగారి కథలు' వ్రాసిన భానుమతీ రామకృష్ణగారు 1925లో జన్మించిన దొడ్డవరం. హాస్యానికి సరిహద్దులు గీయటం మా ఉద్దేశము కాదు; కాని ఒక్క సీమకు ఇంత పంట దక్కటం గమనింపదగిన విషయమే.

మొదట మన బంధువాచకాలను చూడండి. తెలుగులో మేనత్తా అత్తే, భర్త తల్లీ అత్తే, భార్య తల్లీ అత్తే. మేనమామా మామే, పిల్లనిచ్చినవాడూ మామే. మేనరికము మనలో తరతరాలుగా నడచిన ఆచారము కాబట్టి, చిన్నతనంలో ఒడిలో కూర్చోబెట్టుకొని గోరుముద్దలు తినిపించిన మేనత్తే పెండ్లినాటినుండి తాళంచెవుల గుత్తి బొడ్డున దోపుకొన్న అత్తగారు కావచ్చును. అందుచేత మన కథలలోని అత్త పరాయి రాక్షసి కాదు. ఇంటిమనిషే అధికారము ధరించి ఎదురుగా నిలుస్తుంది. ఈ చుట్టరికమూ ఈ అధికారమూ ఒక మనిషిలోనే ఉండటమువల్ల పుట్టే ఇరకాటమే మన హాస్యానికి మూలధాతువు. ఇక వియ్యంకుడు, వియ్యపురాలు, తోడికోడలు, తోడల్లుడు, ఆడబిడ్డ, బావమరిది – ఒక్కొక్క తగవుకు ఒక్కొక్క పేరు పెట్టి ఉంచినట్లున్నది మన నిఘంటువు.

ఈ తగవు పెండ్లిపందిట్లోనే, పురోహితుని ఎదుటనే, మర్యాదగా ప్రారంభమవుతుంది. మగపెండ్లివారు ఊరిపొలిమేర చేరగానే ఎదురుకోలు. విడిదిలో కాళ్ళకు నీళ్ళిచ్చిన క్షణంనుండి లోపాల వెదుకులాట. భోజనాల వేళ ఆడపెండ్లివారి ముత్తైదువలు మగపెండ్లివారిని, వారు వీరిని, పేరు పెట్టి ఎత్తిపొడుస్తూ వియ్యపురాలి పాటలు పాడేవారు. వియ్యపురాలి నడక, పలుకు, తిండి, పిసినిగొట్టుతనము – దేనినీ విడిచిపెట్టేవారు కారు. పాడించుకొన్న వియ్యపురాలు కోపగించుకోరాదు. జవాబు పాట పాడవలెను. అటుపిమ్మట అలకపాన్పు. క్రొత్త అల్లుడు బుంగమూతి పెట్టుకొని కూర్చుంటాడు. మామగారు వచ్చి బ్రతిమాలి, కోరినది ఇచ్చి లేవదీయవలెను. దీనిలోని వివేకాన్ని మనము గుర్తింపవలెను. రేపు నిజముగా రానున్న కలతను నేడే ఆటగా ఆడించి, దాని పొగరు తగ్గించే ఉపాయమిది. ఆ పాటలలో రెండు పక్షాలకూ సమానమైన నోరు ఉండేది. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకోవలెనని కోరుతున్నాము. మా వాదానికి ఇదే ఇరుసు.

పందిరి విప్పిన తరువాత కోడలికి ఆ సమానత్వం దక్కలేదు. అత్తవారింట ఆమెకు నోరు లేదు. అప్పుడు ఆమె పక్షాన మాట్లాడినవి సామెతలూ పిట్టకథలూ. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ క్రొత్త కుండ అన్నారు. పగిలినది కుండే, తీర్పులోనే తేడా. ఒక న్యాయస్థానపు పక్షపాతాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యము మరియొకటి దొరకదు.

ఇదే విషయాన్ని బిచ్చగాని కథ ఇంకా అందంగా చెపుతుంది. ఇంటి ముంగిట నిలిచిన బిచ్చగానితో కోడలు, “ఏమీ లేదు, వెళ్ళు నాయనా” అన్నది. వాడు వీధి మలుపు తిరిగేసరికి చెరువునుండి బిందెతో వస్తూ అత్త ఎదురైనది. సంగతి విని మండిపడినది. “లేదనటానికి అదెవరురా! నీవు నా వెంట రా” అని వాణ్ణి వెనుకకు పిలుచుకొని వచ్చినది. వాడు ఆశగా అరుగుముందు నిలబడినాడు. అత్త గడపెక్కి, బిందె దించి, కొంగు సవరించుకొని, “ఇప్పుడు నేను చెపుతున్నాను. లేదు, పో” అన్నది.

ఈ కథ విని నవ్వని తెలుగిల్లు లేదు. దీనిలో అత్త కోడలికి కీడేమీ చేయలేదు. బిచ్చగానికికూడా క్రొత్తగా పోయినదేమీ లేదు. బియ్యం పెట్టే అధికారం మాట అటుంచి, లేదనే అధికారంకూడా తనదేనని ఆమె చాటుకొన్నది, అంతే. అత్తాకోడళ్ళ తగవు ప్రేమాభిమానాలకు సంబంధించినదని పైకి కనిపించినా, లోపల అది సంసారపు దొరతనానికి సంబంధించినదని ఈ కథ కట్టినవారు ఎవరో గాని బాగా ఎరుగుదురు. ఆ అత్తకూడా ఒకప్పుడు లేదనే అధికారంకూడా లేని కోడలే గదా!

దొరతనము ఇంటి గడప దాటి రాజ్యమైతే ఏమవుతుంది? దీనికి జవాబు పేటకు పడమట ఉన్నది. 12వ శతాబ్దినాటి పల్నాటి యుద్ధగాథను శ్రీనాథుడు ద్విపదగా రచించినాడు. వీరవిద్యవంతులు తరతరాలుగా పాడుతూ వచ్చినారు. కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షమువారు రాజ్యము విడిచి అరణ్యాల పాలైనారు. గడువు తీరిన పిదప తమ భాగము తమకిమ్మని అడుగుటకు అలరాజును గురజాలకు రాయబారము పంపినారు. అలరాజు ఎవరు? గురజాల ప్రభువు నలగామరాజుకు స్వయాన అల్లుడు, పేరమ్మకు భర్త. అత్తవారింటికి మాటాడవచ్చిన ఆ అల్లుడు నాగమ్మ పన్నాగంవల్ల విషానికి బలియైనాడని కథ చెపుతుంది. పేరమ్మ సహగమనం చేసినది. తరువాత కారెంపూడి రణరంగం.

ఇప్పుడు దీని ప్రక్కన 1957లో విజయావారు నిర్మించగా కె. వి. రెడ్డిగారు దర్శకత్వం వహించిన 'మాయాబజార్'ను పెట్టి చూడండి. పందెంలో ఓడి రాజ్యము పోగొట్టుకొన్న పక్షమొకటి అక్కడా ఉన్నది. కోడిపుంజులకు బదులు పాచికలు; అరణ్యవాసమదే. అక్కడా పిల్లనిచ్చేవారు మాట తప్పినారు. సుభద్రకు అన్నగారైన బలరాముడు తన కుమార్తె శశిరేఖను మేనల్లుడు అభిమన్యునకు ఇస్తానని చిన్ననాడే అన్నాడు. పాండవుల సిరి పోగానే రేవతీదేవి మనస్సు మారినది. దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారుని సంబంధము ఇంపుగా తోచినది. శశిరేఖ వ్యాస భారతంలో లేదు. మన వేదికలు కల్పించుకొన్న పిల్ల. ఎముకల గూడు చూస్తే రెండు కథలూ ఒకటే. అక్కడ విషము, ఇక్కడ విందు. పల్నాట అల్లుడు శవమైనచోట, ద్వారకలో ఘటోత్కచుడు పెండ్లికూతురు వేషము వేసినాడు. మేనత్త మేనమామలతో రక్తసంబంధము తెగిపోరాదనే కోరిక మాయాబజార్ కథలో ఉన్నది కాబట్టి తగవు అంతా పెండ్లిపందిట్లోనే, పాట గడువులోనే తీరిపోయినది.

ఆ చిత్రంలో విడిది ఘట్టాన్ని ఎవరు మరువగలరు? మగపెండ్లివారి తరపున వచ్చిన శర్మ, శాస్త్రి ఏ ఏర్పాటులో ఏ లోపమున్నదా అని మూలమూలనా గాలించటము, మాయ తివాచీ మాయ మంచమూ వారితో ఒక ఆట ఆడుకోవటము – ఆనాడు గుంటూరు సీమలో ఏ విడిదిలో చూచినా కనిపించే దృశ్యమే అది, పౌరాణిక కిరీటాలు మాత్రము ఎక్కువ. గోంగూరకు ఆంధ్రశాకమని బిరుదమిచ్చి ద్వారకలో వడ్డనకు ఎక్కించిన ఆ చతురత, రాజుల వియ్యాన్ని మన వంటింటి వియ్యంగా మార్చివేసినది. రేవతిగా నటించిన ఛాయాదేవిగారు గుంటూరు వాస్తవ్యులే కావటము మరియొక ముచ్చట.

మాయపెండ్లికూతురనే ఈ ఉపాయముకూడా తెలుగు రంగస్థలానికి క్రొత్తది కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చుకెక్కి, 1909లో పునారచన పొందిన గురజాడవారి 'కన్యాశుల్కము'లో కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టినాడు. ఎందుకు? తన మేనకోడలు సుబ్బిని తండ్రి ఆ ముసలివానికి అమ్మబోతున్నాడు కాబట్టి. పిల్ల తల్లి నూతిలో దూకినది. ఆ నూతి చప్పుడు వినిపించిన తరువాతనే శిష్యుని పెండ్లి మనకు నవ్వు తెప్పిస్తుంది. గురజాడవారు నవ్వించినది పిల్లను అమ్మేవానిమీద, కొనేవానిమీద, పిల్లమీద కాదు. బావమరిది బావను మోసగించటము అక్కడ న్యాయమైపోయినది.

వెండితెరకు గయ్యాళి అత్త అనగానే సూర్యకాంతంగారి పేరు నోటికి వస్తుంది. 1924లో కాకినాడ సమీపంలో జన్మించి, 1950లో ఎల్. వి. ప్రసాద్‌గారి 'సంసారం'తో ఆ పాత్రకు తానే ప్రమాణమైన నటి ఆమె. చేయి త్రిప్పుతూ కంఠము పెంచి ఆమె మాట విసిరితే ప్రేక్షకశాలలో వెనుక బెంచీవరకు కోడళ్ళందరూ నిటారుగా కూర్చునేవారు. తమ పిల్లలకు ఆ పేరు పెట్టటానికి తల్లిదండ్రులు జంకినారని లోకంలో ఒక మాట నిలిచిపోయినది. స్టూడియోకు ఇంటినుండి వండి తెచ్చి తోటివారికి కొసరి కొసరి వడ్డించే చల్లని మనిషి అని ఆమెతో పనిచేసినవారు చెప్పినారు.

1962లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వంలో వచ్చిన 'గుండమ్మ కథ' ఆమె పాత్ర పేరునే చిత్రానికి తలకట్టుగా పెట్టినది. ఎన్. టి. రామారావు, నాగేశ్వరరావు అనే ఇద్దరు మహానటులున్నప్పటికీ పేరు మాత్రము అత్తగారిదే! సవతికూతురిచేత ఇంటెడు చాకిరీ చేయించిన గుండమ్మను శిక్షించవలెనంటే రచయితలు ఏమి చేసినారు? పోలీసులను పిలువలేదు, వ్యాధి తెప్పించలేదు. ఆమె కొడుకు పెండ్లితోపాటు కోడలి తరపు బంధువు దుర్గను ఇంట్లోకి తెచ్చి, పెత్తనము ఆమె చేతికి అందించినారు. గయ్యాళికి గయ్యాళి. అంతకుముందు తాను శాసించిన ఇంట్లోనే గుండమ్మ నోరు మూతపడినది. చివరకు ఆమెను ఆదుకొన్నది ఆమె బాధించిన సవతికూతురే. ఆ దుర్గగా నటించినవారుకూడా మన గుంటూరు ఛాయాదేవిగారే. బిచ్చగాని కథలోని సత్యమే ఇక్కడ మరల పలికినది: తగవు మనుష్యులది కాదు, పెత్తనానిది.

కోడలికి మాత్రమే ఈ గతి అనుకొనరాదు. ఇల్లరికపుటల్లుని పాటు చూడండి. నల్లరేగడి సీమలో ఆస్తి కలిగి మగసంతు లేని ఇండ్లలో అల్లుణ్ణి ఇంట నిలుపుకొనటము వాడుకే. అల్లుణ్ణి పదవ గ్రహమని పెద్దలు వేళాకోళము చేసినారు గాని, ఇల్లరికము వచ్చినవాడు గ్రహము కాదు, గ్రహణము పట్టినవాడు. అత్తవారి భూమి దున్నుతూ, అత్తవారి అన్నము తింటూ, మాట పడి ఊరకుండవలసినవాడు. అనగా మీసమున్న కోడలన్నమాట. 1959లో టి. ప్రకాశరావుగారి దర్శకత్వంలో వచ్చిన 'ఇల్లరికం' ఈ స్థితినే కథావస్తువు చేసుకొని మన్నన పొందినది. 1961లో అదే కథ హిందీలో 'ససురాల్'గా వెళ్ళినది. అంటే ఇల్లరికపు అగచాట్లు వింధ్యకు ఆవలకూడా అర్థమైనవనే గదా.

అంతదూరమెందుకు, సముద్రాలకు ఆవలకూడా అర్థమైనవే. రోమను కవి టెరెన్స్ 'హెకైరా' అనే ప్రహసనము వ్రాసినాడు. ఆ మాటకు అత్తగారని అర్థము. క్రీ. పూ. 165లో ప్రదర్శిస్తే, ప్రక్కన త్రాటిమీద నడిచే గారడీవాడు వచ్చినాడని జనము లేచిపోయినారు. క్రీ. పూ. 160లో మరల ప్రదర్శిస్తే కత్తిసాము మల్లుల వార్త విని మరల లేచిపోయినారు. ఆ ఏడే మూడవసారి ఆడితేగాని నాటకము పూర్తికాలేదు. కథ ఏమి? కోడలు పుట్టింటికి వెళ్ళిపోయినది. ఊరూ, మొగుడూ, అందరూ అత్తగారి తప్పే అనుకొన్నారు. నిజానికి ఆ అత్తకు ఏ పాపమూ తెలియదు. పైగా కొడుకు కాపురం నిలుస్తుందంటే తాను పల్లెకు పోయి ఉంటానంటుంది. రెండువేల ఏండ్లకు పైగా అత్తమీద ఇంత తొందరగా తీర్పు చెప్పే అలవాటు మానవజాతికున్నదని, ఆ తీర్పును తిరుగవేయటమూ హాస్యరచయిత పనేనని ఈ నాటకమువల్ల తెలుస్తున్నది.

మనలో ఆ పని చేసినవారు భానుమతీ రామకృష్ణగారు. 'మల్లీశ్వరి' నాయికగా, గాయనిగా, దర్శకురాలిగా ఆమె కీర్తి అందరెరిగినదే. ఆమె వ్రాసిన 'అత్తగారి కథలు'లో కథ చెప్పేది కోడలు. మడి, ఆచారము, ఆవకాయ, పాలు, నెయ్యి – వీటి చుట్టూ తిరిగే అత్తగారి పట్టుదలలను, అమాయకత్వాన్ని చదువుకొన్న కోడలు ప్రక్కనుండి చూస్తూ చెపుతుంది. ఎత్తిపొడుపున్నది గాని కక్ష లేదు. చదువుతూ ఉంటే అత్తగారిమీద నవ్వుతోపాటు ప్రేమకూడా పుట్టుకొస్తుంది. తరతరాలుగా నోరు లేని కోడలికి కలము దొరికినప్పుడు ఆమె అత్తమీద పగ తీర్చుకోలేదు. అత్తను మనిషిగా మనకు పరిచయము చేసినది. మా అభిప్రాయములో తెలుగు హాస్యచరిత్రలో ఇదొక గొప్ప మలుపు. పూర్వము పెండ్లిపాటలో ఉన్న సమానత్వము ఇంత కాలానికి ఇంటిలోనికికూడా వచ్చినది.

రేడియోవారిగా మేము ఒక మాట చెప్పవలసి ఉన్నది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైననాటినుండి కృష్ణా గుంటూరు మండలాల ఇండ్లకు నాటికలు వినిపిస్తూనే ఉన్నవి. రేడియోలో అత్తగారికి ముఖము లేదు, చేయి త్రిప్పే వీలు లేదు. తాళంచెవుల గలగల, గడప దగ్గర ఒక దగ్గు, ప్రక్కగదిలో చప్పున ఆగిపోయిన గాజుల చప్పుడు – వీటితో శ్రోత తన మనస్సులో తనకు తెలిసిన అత్తనే రూపు కట్టుకొంటాడు. అందుచేత ఈ పాత్రను నడిపించటంలో మేము జాగ్రత్త వహింపవలసి వచ్చినది. కంఠము నిష్కారణంగా పెంచితే నవ్వుకు బదులు భయము కలుగుతుంది. పైగా ఇంటిలో పెట్టె ఎదుట కూర్చుని వినేవారిలో అత్త ఉంటుంది, వంటింటి ద్వారబంధానికి ఆనుకొని కోడలూ ఉంటుంది.

ఈ భయము మాట ఎందుకు ఎత్తినామనగా, ఈ తగవు అన్ని ఇండ్లలో నవ్వుతో ముగియలేదు. కన్యాశుల్కము పోయి వరశుల్కము వచ్చినది. మిర్చి ధర పెరిగిన ఏడు కట్నము ధరకూడా పెరగటము, ధర పడిపోయిన ఏడు బాకీపడిన కట్నానికై కోడలిని సాధించటము ఈ సీమ ఎరుగని విషయము కాదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అది చాలక 1983లో భర్త, అతని బంధువులు చేసే క్రూరత్వాన్ని నేరముగా నిర్ణయిస్తూ శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేర్చినారు. 2024 జులై 1వ తేదీనుండి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షనుగా నడుస్తున్నది. ఆవకాయ జాడీ దగ్గర జరిగే తగవుకు చట్టము అక్కరలేదు. కిరసనాయిలు డబ్బా దగ్గర జరిగే తగవుకు హాస్యము పనికిరాదు. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడున్నదో తెలియని రచయిత అత్తాకోడళ్ళను ముట్టుకోకపోవటము మంచిది. “అత్తలన్న తరువాత అంతేలే” అని నవ్వి తేల్చివేసిన ఇండ్లలో ఎందరు ఆడపిల్లలు తమ బాధను చెప్పుకోలేక మ్రింగుకొన్నారో ఎవరు లెక్క వేసినారు?

అయితే ఈ హాస్యాన్ని మానుకోవలెనా? అక్కరలేదని మా మనవి. దానిని తూచుకోవటానికి మన పెండ్లిపందిరే ఒక త్రాసు ఇచ్చినది. వియ్యపురాలి పాటకు జవాబు పాట ఉండవలెను. నవ్వించేవారికి, నవ్వులపాలయ్యేవారికి సమానముగా నోరు ఉన్నంతవరకు అది హాస్యము; ఒకరి నోరు నొక్కి రెండవవారు నవ్వితే అది హింస. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావలెనన్న సామెతను మనము ఇన్నాళ్ళూ ఆస్తి అంతస్తులకే వర్తింపజేసుకొన్నాము. నవ్వుకుకూడా వర్తింపజేసుకొంటే బాగుంటుంది. ఒక నాటిక వినిపిస్తున్న వేళ ముందుగదిలో అత్తగారు, వంటింటి వాకిట కోడలు ఒకే మాటకు ఒకేసారి నవ్వినారనుకోండి. అత్త కోడలిని తలచుకొని నవ్వి ఉండవచ్చును, కోడలు అత్తను తలచుకొని నవ్వి ఉండవచ్చును. ఫరవాలేదు. ఆ పూట ఆ ఇంట అన్నము చల్లారదు.